పెట్టె మీది వెలుగు, బాట మీది వెలుగు

మోటారు విడిభాగముల దుకాణములో హెడ్‌లైటు బల్బు కొన్నవానికి బల్బుతోపాటు మడతపెట్టిన చిన్న కాగితము ఒకటి లభించును. అందు నాలుగైదు బొమ్మలు, వాటి క్రింద పది పన్నెండు వాక్యములు ఉండును. పాత బల్బును తీయుట ఎట్లో, క్రొత్తదానిని పెట్టుట ఎట్లో వాటిలో చెప్పబడియుండును. పుస్తకములకు సమీక్షకులు కలరు. నాటకములకు, చలనచిత్రములకు విమర్శకులు కలరు. ఈ కాగితమును విమర్శకు తగిన రచనగా తలచుట మాత్రము అరుదు. కాని పుస్తకము చదివినవాడు దానిని నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. కరపత్రము చదివినవాడు వెంటనే అందు చెప్పినట్లు చేయును. ఆ పని యొక్క ఫలితము ఆ రాత్రియే ఎదుటినుండి వచ్చు మరియొకని కంటిలో పడును. కాబట్టి దీనిని కొంచెము నిదానముగా చదువుట అవసరము.

ఇట్టి కరపత్రములు పలువిధములు. కొన్ని హాలోజెన్ బల్బులవి, కొన్ని ఎల్.ఇ.డి. బల్బులవి. కాగితము నాణ్యములోను, బొమ్మల స్పష్టతలోను తేడాలుండవచ్చును గాని వాటి సారము ఒక్కటే. ఇంజను ఆపవలెను, దీపము ఆర్పి బల్బు చల్లారనీయవలెను, వెనుక నుండి తీగల సాకెట్టును ఊడదీయవలెను, రబ్బరు తొడుగును లాగవలెను, తీగ స్ప్రింగును ప్రక్కకు తప్పించి పాత బల్బును బయటికి తీయవలెను, అదే క్రమమును తిరుగవేసి క్రొత్తదానిని బిగింపవలెను. ఇంతవరకు కరపత్రమును తప్పుపట్టవలసినది లేదు. వాక్యములు పొట్టివి, క్రమము సరియైనది, పని కష్టమైనది కాదు. స్క్రూడ్రైవరు పట్టుట ఎరిగిన ఏ విద్యార్థియైనను చేయగలడు.

వీటి నడుమ ఒక మంచి వాక్యము కలదు. హాలోజెన్ బల్బు గాజును వ్రేళ్ళతో తాకరాదు అనునది అది. మంచి వాక్యమే గాని కారణము చెప్పదు. కారణము చెప్పని నియమమును మనుష్యుడు రెండవసారి మరచిపోవును. ఆ కారణములో ఒక చక్కని రసాయనశాస్త్ర పాఠమే దాగియున్నది. బల్బులోని టంగ్‌స్టన్ తంతువు వెలుగునప్పుడు ఇంచుమించు 2,900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఉండును. టంగ్‌స్టన్ కరగునది 3,422 డిగ్రీల వద్ద. ఆ వేడిమికి లోహము కొద్దికొద్దిగా ఆవిరియగుచునే యుండును. మామూలు బల్బులో ఆ ఆవిరి గాజుకు అంటుకొని దానిని నల్లబరచును. హాలోజెన్ బల్బులో కొంచెము అయొడీనునో బ్రోమీనునో చేర్చుదురు. గాజుగోడ దగ్గర అది టంగ్‌స్టన్‌తో కలిసి సమ్మేళనమగును. ఆ సమ్మేళనము తిరిగి తంతువు దగ్గరకు చేరి, అచటి అధిక ఉష్ణమునకు విడిపోయి, లోహమును అక్కడనే వదలును. ఈ చక్రము నడువవలెనన్న గాజుగోడ 250 డిగ్రీలకు మించి వేడిగా ఉండవలెను. అందువలననే బల్బును చిన్నదిగా, క్వార్ట్జ్‌తో చేయుదురు. వ్రేళ్ళకు సహజముగా ఉండు నూనె, ఉప్పు ఆ గోడకు అంటినచో అంతటి వేడిలో అవి మాడి క్వార్ట్జ్‌లోనికి దిగును. ఆ చోటున క్వార్ట్జ్ తెల్లబారి, స్ఫటికములుగా మారి, బలహీనమగును. లోపలి వాయువు పీడనమో వాతావరణ పీడనమునకు కొన్ని రెట్లు. ఒకనాడు ఆ మచ్చ దగ్గరనే బల్బు పగులును. పొరపాటున తాకినవాడు స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చిన చాలును. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి ఈ బల్బు పేటెంటు 1959లో లభించినది. 1962లో యూరపులో ఇది మోటారు హెడ్‌లైటులోనికి వచ్చినది. ఇంత చరిత్ర కరపత్రములో వ్రాయనక్కరలేదు. 'చేతినూనె వేడికి మాడి గాజును పగులగొట్టును' అను ఐదు మాటలకు మాత్రము చోటుండును.

అసలు లోపము దీని తరువాత వచ్చును. బల్బు అడుగున గల లోహపు పళ్ళెమునకు మూడు చెవులుండును; హోల్డరులో మూడు గాట్లుండును. చెవులు గాట్లలో పడి, స్ప్రింగు బిగిసి, బల్బు కదలక కూర్చుండినచో పని ముగిసినదని కరపత్రము తీర్మానించును. చివరి బొమ్మలో కారు ముందు రెండు తెల్లని కిరణములు, వాటిని చూచి సంతోషించు ఒక మనుష్యుడు ఉండును. బల్బు హోల్డరులో అమరుట ఒకటి. కాంతి దర్పణములో అమరుట మరియొకటి. ఈ రెండింటికి గల భేదము ఆ కాగితములో ఎక్కడను లేదు.

ఈ విషయములో కరపత్రమును మాత్రమే నిందించుట న్యాయము కాదు. పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు పుస్తకములలో పుటాకార దర్పణముల ఉపయోగములను వరుసగా చెప్పునప్పుడు, వాహనముల హెడ్‌లైట్లలో వీటిని వాడుదురు అను ఒక వాక్యము తప్పక కనిపించును. నాభి వద్ద నుంచిన దీపము కాంతి సమాంతర కిరణములుగా వెలువడును అని ఒక బొమ్మ కూడ ఉండును. విద్యార్థి దానిని కంఠస్థము చేసి రెండు మార్కులు సంపాదించును. కాని నిజమైన హెడ్‌లైటులో కాంతి సమాంతరముగా తిన్నగా పోయినచో ఎదుటివానికి కన్ను కనిపించదు. హెడ్‌లైటును చేయువారు పడు పాటంతయు ఆ కాంతిని అట్లు తిన్నగా పోనీయకుండుటకే. పాఠ్యపుస్తకము ఆగినచోటనే హెడ్‌లైటు యొక్క విజ్ఞానము మొదలగుచున్నది.

1971లో వచ్చిన హెచ్-4 అను బల్బును చూచినచో సంగతి తేటపడును. మన దేశమున లక్షలకొలది వాహనములలో ఇంకను ఉన్నది ఇదియే. ఇందులో రెండు తంతువులు కలవు. దూరపు వెలుగు, అనగా డ్రైవర్లు 'బ్రైట్' అనునది, దర్పణపు నాభి దగ్గర నుండు తంతువు నుండి వచ్చును. దగ్గరి వెలుగు, అనగా 'డిమ్', దానికి కొంచెము ముందు నున్న మరియొక తంతువు నుండి వచ్చును. ఈ రెండవ తంతువు క్రింద చిన్న లోహపు దొన్నె వంటిది అమర్చబడియుండును. నాభికి ముందున్న జనకము నుండి కాంతి దర్పణపు పైసగము మీద పడినచో పరావర్తనము చెంది కొంచెము క్రిందికి వంగి పోవును. క్రిందిసగము మీద పడినచో పైకి లేచిపోవును. పైకి లేచు ఆ భాగమును దొన్నె అడ్డగించును. డిమ్ వేసినప్పుడు దర్పణములో పైసగము మాత్రమే పనిచేయుచున్నదన్నమాట. సగము దర్పణమును వృథా చేసి ఎదుటివాని కన్నును కాపాడు ఈ ఏర్పాటు ఎంత సరళమైనదో అంత గొప్పది.

ఈ ఏర్పాటులో సూక్ష్మత ఎంత కావలెను? లెక్క తొమ్మిదవ తరగతి విద్యార్థియు వేయగలడు. దర్పణపు నాభ్యంతరము 25 మిల్లీమీటర్లనుకొందురు గాక. తంతువు తన స్థానము నుండి ఒక్క మిల్లీమీటరు క్రిందికి జరిగినచో, దర్పణపు మధ్యభాగము నుండి వెలువడు కిరణము 25లో 1వ వంతు, అనగా రమారమి 2.3 డిగ్రీలు, పైకి తిరుగును. అంచుల దగ్గర తేడా ఇందులో సగమునకు తగ్గవచ్చును. డిమ్ వెలుగును సాధారణముగా నూటికి ఒకటి చొప్పున క్రిందికి వంచుదురు. అనగా 10 మీటర్ల దూరములో 10 సెంటీమీటర్లు. భూమికి 70 సెంటీమీటర్ల ఎత్తున నున్న దీపపు వెలుగు అట్లు వంగి 70 మీటర్ల దూరములో నేలను తాకును. ఇప్పుడు తంతువు 1 మిల్లీమీటరు జరిగినదన్నచో అదే కిరణము నూటికి ఒకటి దిగుటకు బదులు నూటికి మూడు చొప్పున ఎక్కును. 20 మీటర్ల దూరములో అది భూమికి 1.3 మీటర్ల ఎత్తున ఉండును. ఎదుటి కారు నడుపువాని కన్ను, మోటారు సైకిలు నడుపువాని కన్ను ఇంచుమించుగా ఆ మట్టములోనే ఉండును. ఒక్క మిల్లీమీటరు! అందువలననే హాలోజెన్ బల్బులకు గల అంతర్జాతీయ నియమములలో తంతువు ఎక్కడ ఉండవలెనో మిల్లీమీటరులో పదవ వంతుల లెక్కన చెప్పబడినది. ఆ మూడు చెవులు బల్బును పట్టుకొనుటకు మాత్రమే ఏర్పడినవి కావు. అవి తంతువును నాభికి చూపు వ్రేళ్ళు.

ఇట్లుండగా ఎల్.ఇ.డి. బల్బు వచ్చినది. ఎల్.ఇ.డి. స్వయముగా చెడ్డది కాదు. దాని కొరకే కట్టిన హెడ్‌లైటులో, తగిన కటకములతో, తగిన దర్పణములతో అది హాలోజెన్‌ను మించిన పని చేయుచున్నది. ఇక్కడి చర్చ, హాలోజెన్ కొరకు కట్టిన పాత హెడ్‌లైటులో ఇంటి దగ్గర పెట్టుకొను ఎల్.ఇ.డి. బల్బును గురించి. దాని అడుగు పళ్ళెము హెచ్-4 వంటిదే. చెవులు మూడును ఉన్నవి. పట్టుకొనునది ఒకటే అయినను వెలుగునది ఒకటి కాదు. తంతువు సన్నని చుట్ట. దాని చుట్టును అన్ని వైపులకు కాంతి వెదజల్లబడును. ఎల్.ఇ.డి. బల్బులో ఒక లోహపు పలక, దానికి ఇరువైపులను అంటించిన చిన్న పసుపుపచ్చని చతురములు. కాంతి రెండు ముఖముల నుండి మాత్రమే వచ్చును. పలక అంచుల వైపు చీకటి. పలక మందము రెండు మూడు మిల్లీమీటర్లున్నచో ఒక జనకమునకు బదులు రెండు జనకములు ఏర్పడి, నాభి వాటి నడుమ ఖాళీగా మిగిలిపోవును. మిల్లీమీటరు తేడాకే ఏమగునో ఇంతకుముందు లెక్కలో చూపబడినది. దొన్నె ఉండవలసినచోట దొన్నె లేకున్నను, ఉన్నది కొలతకు రాకున్నను, దర్పణపు క్రిందిసగము మేలుకొని కాంతిని ఎదుటివాని మొగము మీదికి ఎత్తును.

చాల లారీల వెనుక రాత్రివేళ డిప్పర్ వాడుమని కోరు మాటలు రంగుతో వ్రాసియుండును. ఆ కోరికలో ఒక నమ్మకము దాగియున్నది: స్విచ్చి నొక్కినచో వెలుగు దిగును అని. తప్పుగా అమరిన బల్బుగల వాహనమున స్విచ్చి నొక్కినను వెలుగు దిగదు. నడుపువాడు తన ధర్మము తాను చేసితిననియే తలచును. మర్యాద తెలిసినవాడు కూడ అమర్యాద చేయునట్లు చేసినది కరపత్రములోని ఆ వ్రాయని వాక్యము.

ఒకప్పుడు మన రోడ్ల మీది కార్లకు, బస్సులకు హెడ్‌లైటు అద్దము పైసగమునకు నల్లరంగు వేయువారు. కొందరు మధ్యలో నల్లని బొట్టు పెట్టువారు. ఎదుటివాని మీద దయతో పుట్టిన ఆచారమే గాని, హెచ్-4 వంటి బల్బునకు అది తిరుగబడును. డిమ్ వేసినప్పుడు పనిచేయునది దర్పణపు పైసగమే గదా! ఆ వెలుగు అద్దపు పైసగము గుండనే బయటికి వచ్చును. అద్దపు పైభాగమునకు రంగు వేసినవాడు క్రిందికి వంగిన మంచి వెలుగునే మూసివేయుచున్నాడు. ఇది ఒక మంచి పరీక్షా ప్రశ్న కాగలదు.

ఎదుటి వెలుగు చేయు కీడును కేవలము చికాకు అనుకొనుట పొరపాటు. కంటి లోపలి కటకము, ద్రవములు పూర్తిగా స్వచ్ఛములు కావు. తీవ్రమైన కాంతి వాటిలో చెదరి, చూచుచున్న దృశ్యమంతటి మీద పలుచని తెర వలె పరచుకొనును. హాలడే, స్టైల్స్ అను శాస్త్రజ్ఞులు 1920-1930 మధ్య కాలములో దీనిని పరిశీలించి ఒక సూత్రమును ఏర్పరచిరి. దాని ప్రకారము ఆ తెర యొక్క గాఢత కంటిపై పడు వెలుగునకు అనులోమముగాను, చూచు వస్తువునకు ఆ దీపమునకు నడుమనున్న కోణపు వర్గమునకు విలోమముగాను ఉండును. కోణము 4 డిగ్రీల నుండి 2 డిగ్రీలకు తగ్గినచో తెర నాలుగు రెట్లు దట్టమగును. రెండు వరుసల ఇరుకు రోడ్డు మీద, ఎదుటి కారునకు సమీపముగా, రోడ్డు అంచున నడచిపోవు మనుష్యుడో, వెనుక ఎర్రదీపము లేని సైకిలో, ఎడ్లబండియో ఆ తెర వెనుక మాయమగును. వయసు ముదిరిన కంటిలో కాంతి మరింత చెదరును. పొలము నుండి చీకటి పడిన తరువాత ఇంటికి పోవు ముదుసలికి ఈ సూత్రము తెలియదు. దాని ఫలితము మాత్రము ఆయన మీదనే పడును. మన దేశమున 2017 ఏప్రిల్ 1 నుండి తయారగు ద్విచక్ర వాహనములలో ఇంజను నడుచునంతసేపు హెడ్‌లైటు వెలుగుచునే యుండును. దానిని ఆర్పు స్విచ్చియే లేనప్పుడు దాని చూపు సరిగా ఉండుట ఇంకెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

ఇక పెట్టె సంగతి. కరపత్రము మౌనము వలన తప్పు చేయగా పెట్టె మాటల వలన తప్పు చేయుచున్నది. '20,000 ల్యూమెన్లు', '300 శాతము ఎక్కువ వెలుగు', '6,000 కెల్విన్', 'అన్ని వాహనములకు సరిపడును' అనునట్టి మాటలు ఇట్టి పెట్టెల మీద పెద్ద అక్షరములలో కనిపించును. అంతర్జాతీయ నియమముల ప్రకారము 12 వోల్టుల హెచ్-4 హాలోజెన్ బల్బు, 13.2 వోల్టుల వద్ద బ్రైట్‌లో 1,650 ల్యూమెన్లు, డిమ్‌లో 1,000 ల్యూమెన్లు ఈయవలెను. అటునిటు నూటికి 15 వరకు తేడా అనుమతింపబడినది. ఈ రెండు అంకెలు తెలిసినవాడు 20,000 అను అంకెను చూచి నివ్వెరపోవలెను. పెట్టె ప్రక్కనే '50 వాట్లు' అని కూడ ఉన్నచో భాగహారము చేసి చూడవచ్చును: వాటుకు 400 ల్యూమెన్లు. తెల్లని కాంతిలో, విద్యుచ్ఛక్తి ఒక్క రవ్వయైనను వేడిగా పోకుండ అంతయు కాంతిగా మారినను, ఆ అంకె చేరుట కష్టము. మంచి ఎల్.ఇ.డి.లు వాడుకలో వాటుకు 100 నుండి 150 ల్యూమెన్ల వరకు ఈయగలవు. అనగా పెట్టె మీది వాక్యము శక్తినిత్యత్వ నియమముతోనే పోట్లాడుచున్నది. పదవ తరగతి విద్యార్థి కూడ పట్టగల తప్పును పెద్ద అక్షరములలో అచ్చువేయుట సాహసమే!

'300 శాతము' అను మాట ఇంకను విచిత్రమైనది. దేనికంటె? ఎక్కడ కొలిచిరి? దీపము నుండి ఎంత దూరములో? ల్యూమెను మొత్తము వెలువడు కాంతికి కొలత; రోడ్డు మీద 50 మీటర్ల దూరములో ఎంత పడినదో అది చెప్పదు. చెట్ల కొమ్మల మీద, ఎదుటివాని నుదుటి మీద పడిన ల్యూమెను కూడ లెక్కలో ల్యూమెనే. పైగా ఎల్.ఇ.డి. వేడెక్కినకొలది దాని వెలుగు తగ్గును. హాలోజెన్ బల్బు తన వేడిని చాలవరకు పరారుణ కిరణములుగా ముందుకు పంపివేయును, ఎల్.ఇ.డి. తన వేడిని వెనుక నున్న లోహపు రెక్కలకు, చిన్న పంకాకు అప్పగించును. ఆ వెనుక భాగమునే రబ్బరు తొడుగులో బిగించి, గాలి చొరని గదిలో కూర్చుండబెట్టినచో మొదటి నిమిషపు వెలుగు ఇరువదవ నిమిషమున ఉండదు. తొడుగు తీసివేసినచో వాననీరు, దుమ్ము లోపలికి దారితీయును. ఈ ఇరకాటమును గురించి కరపత్రము ఒక్క మాటయైన చెప్పుట కనిపించదు.

పెట్టె మీది బొమ్మలో ఒక రోడ్డు రెండుగా చీలియుండును. ఎడమ సగము పసుపుగా, మసకగా. కుడి సగము తెల్లగా, తళతళలాడుచు. హాలోజెన్ కాంతి వర్ణ ఉష్ణోగ్రత సుమారు 3,200 కెల్విన్లు. కాబట్టి కొంచెము పసుపు. 6,000 కెల్విన్ల కాంతిలో నీలి పాలు అధికము. తెలుపు అధికమైనదని చూపు అధికము కాదు. అదే పరిమాణపు కాంతిలో నీలి పాలు అధికమైనకొలది ఎదుటివానికి బాధ అధికమగును. బొమ్మలో బాగుగా వెలిగినది బండి ముందున్న నాలుగైదు మీటర్ల నేలయే అన్నది కూడ గమనింపదగినది. ముందున్న నేల మిక్కిలి తళతళలాడినచో నడుపువాని కన్ను ఆ వెలుగునకు అలవాటుపడి, దూరపు చీకటిలోని వస్తువులను గుర్తించు శక్తిని కోల్పోవును. నడుపువానికి తృప్తి పెరుగును, చూపు తరుగును. ఈ వ్యత్యాసమును ఫోటో చూపలేదు.

'అన్ని వాహనములకు' అను మాటకు సమాధానము జర్మనీలో దొరకును. ఆ దేశమున హాలోజెన్ హెడ్‌లైటులో ఎల్.ఇ.డి. బల్బు పెట్టుట చట్టవిరుద్ధముగా ఉండెడిది. 2020లో ఓస్రామ్ కంపెనీవారి హెచ్-7 జాతి ఎల్.ఇ.డి. బల్బు ఒకదానికి మొదటిసారిగా అచట అనుమతి లభించినది. ఆ అనుమతి అన్ని కార్లకు కాదు. పరీక్షించి చూచిన కొన్ని మోడళ్ళకు, వాటి ఫలానా హెడ్‌లైటులకు మాత్రమే. ఏ కారు ఏ హెడ్‌లైటు అని పట్టిక ప్రకటించిరి. ఒక దర్పణములో ఒదిగిన బల్బు మరియొక దర్పణములో ఒదుగదని తెలిసినవారు చేయు పని అట్లుండును. మన దేశములో 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 106వది, 8 మీటర్ల దూరములో 1.5 మీటర్ల ఎత్తున నున్న కంటిని మిరుమిట్లు గొలుపకుండ దీపపు వెలుగు శాశ్వతముగా క్రిందికి వంగియుండవలెనని చెప్పుచున్నది. కొలత ఎంత చక్కగా ఉన్నదో చూడుడు: దూరము, ఎత్తు, కన్ను. బల్బు పేరు గాని వాటు గాని ముఖ్యము కాదు. వెలుగు ఎక్కడ పడినదన్నదే ప్రశ్న.

హాలోజెన్ బల్బులలోనే అధిక వాట్లవి పెట్టుకొనువారు కలరు. 60/55కు బదులు 100/90. ఇందులో తంతువు స్థానము సరిగానే ఉండవచ్చును. బాధ తీగలకు. 12 వోల్టులకు 60 వాట్లన్నచో 5 ఆంపియర్లు. 100 వాట్లన్నచో 8.3. తీగలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గముతో పెరుగును గనుక 2.8 రెట్లగును. సాకెట్టు ప్లాస్టిక్కు మెత్తబడి, స్విచ్చి కాలి, దర్పణపు మెరుగు మాసిపోవును. వేరు తీగలు, రిలే వేసినవారికి తీగల బాధ తప్పును గాని దర్పణపు బాధ తప్పదు.

ఇన్ని చిక్కులకు మూలమైన కోరిక మాత్రము తప్పు కాదు. పాతబడిన వాహనపు వెలుగు చాలకపోవుట నిజమే. కాని అందుకు బల్బే కారణమా? కరపత్రము మొదటి వాక్యముగా అడుగవలసిన ప్రశ్న ఇది. పాలికార్బొనేటు అద్దము ఎండలోని అతినీలలోహిత కిరణములకు పచ్చబడి మసకబారును. అట్టి అద్దము వెనుక ఎంత మంచి బల్బు పెట్టినను కాంతి చెదరి ఎదుటివాని కంటికే చేరును. ఎర్తు తీగ చివర తుప్పు పట్టినచో బల్బుకు 13.2 వోల్టులకు బదులు 12 వోల్టులే అందును. తంతువు వెలుగు వోల్టేజీ యొక్క 3.4వ ఘాతముతో మారునని స్థూలముగా లెక్క. ఆ లెక్కన వెలుగు నూటికి 28 తగ్గిపోవును. నూటికి తొమ్మిది వోల్టులు పోగా నూటికి ఇరువది ఎనిమిది వెలుగు పోయినది! దీనికి మందు గరుకు కాగితము ముక్క, పది నిమిషముల ఓపిక. ఇందువలన దుకాణమునకు లాభము లేదు గనుక పెట్టెలోని కాగితము దీనిని చెప్పునని ఆశించుటయు అమాయికమే.

కరపత్రములో అన్నింటికంటె ముఖ్యముగా ఉండవలసి లేకపోయినది గోడ. బల్బు మార్చుటకు ముందే, చదునైన నేల మీద, గోడకు సరిగా 10 మీటర్ల దూరములో వాహనమును నిలుపవలెను. చక్రములలో గాలి సరిగా ఉండవలెను. సీటులో ఒకరు కూర్చుండవలెను. హెడ్‌లైటు ఎత్తు మార్చు మీట కారులో ఉన్నచో సున్నాలో పెట్టవలెను. దీపపు మధ్యభాగము నేల నుండి ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి, గోడ మీద అంతే ఎత్తున సుద్దతో ఒక అడ్డగీత గీయవలెను. దానికి 10 సెంటీమీటర్ల క్రింద మరియొకటి. చీకటి పడిన తరువాత డిమ్ వేసి చూచినచో వెలుగునకు చీకటికి నడుమ ఒక అంచు స్పష్టముగా కనిపించును. రోడ్డుకు ఎడమ ప్రక్కన నడచు మన దేశములో ఆ అంచు కుడివైపున అడ్డముగా ఉండి, ఎడమవైపున కొంచెము పైకి ఎక్కును. కుడివైపున వచ్చువాని కన్ను కాపాడి ఎడమ అంచున నడచువానిని చూపుటకే ఆ వంపు. కుడివైపు అంచు క్రింది గీత మీద ఉండవలెను. ఆ అంచు ఎట్లున్నదో సుద్దతో గోడ మీదనే గీసి, గీత తుడువక, క్రొత్త బల్బు పెట్టి మరల చూడవలెను. అంచు అదే స్థలములో అంత స్పష్టముగా నిలిచినచో బల్బు దర్పణములో ఒదిగినది. స్పష్టమైన అంచే కొంచెము ఎక్కువ తక్కువలుగా ఉన్నచో హెడ్‌లైటు వెనుకనున్న మరను త్రిప్పి సరిచేయవచ్చును. అంచు కరగి, పై గీతకు మీద గూడ తెల్లని మసక పరచుకొనినచో ఏ మరయు దానిని సరిచేయలేదు. బల్బును తిరిగి పెట్టెలో పెట్టవలసినదే.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను పాఠశాల ప్రహరీగోడ మీద, ఒక మోటారు సైకిలుతో, ఒక సాయంకాలము చేయించవచ్చును. కావలసినవి కొలత టేపు, సుద్దముక్క. పగలే చేయదలచినచో తల త్రిప్పగా బల్బు ముందు వెనుకలకు జరుగు పాతకాలపు టార్చిలైటు ఒకటి చాలును. చీకటి గదిలో దానిని గోడకు ఎదురుగా పట్టి, తలను పావు చుట్టు చొప్పున త్రిప్పుచు, ప్రతిసారి గోడ మీది వలయపు వ్యాసమును కొలిచి వ్రాసికొనవలెను. అందు కదలునది ఒకటి రెండు మిల్లీమీటర్లు. గోడ మీద కదలునది బారెడు.

ఇట్టి గోడ బొమ్మ ఒకటి కరపత్రములో వేయుటకు స్థలము లేదనుటకు వీలులేదు. కాగితపు వెనుకవైపున అదే సూచనలు మరి నాలుగు భాషలలో అచ్చువేయబడియుండును. వాటి క్రింద వారంటీ షరతులు. ఆ షరతులు మొదలగుటకు ముందు ఒక అరచేయి ఖాళీ ఉండును.